పేరు తీసేసిన శోకం

పాట అంటే నా లెక్కలో ఒక పల్లవి, రెండు చరణాలు. వింటుంటే టమోటా బాక్సులు దించే హమాలీకి కూడా కాలు ఆడాలి. సుకుమార్ చేసిన పాట అట్లాంటిది కాదు. అది మొదలయ్యాక మా అక్క ఎసురు పెట్టి, సంగటి కెలికి, పప్పు తిరగమోత కూడా పెట్టేసింది. అప్పటికీ గిటారొకటే మోగుతోంది. మనిషి గొంతు ఇంకా రాలేదు.

"మునీ, ఏందిరా ఆ మోత? ఎవురన్నా బోరు ఏస్తాండారా?" అని వంటింట్లోంచి అరిచింది అక్క.

"పాటక్కా."

"పాటా? మరి పాడరేందిరా?"

నాకూ అదే సందేహం. అక్కడికే ఆపేశాను.

నా పేరు మునిశేఖర్. మదనపల్లె టమోటా మార్కెట్టులో వేలం పాడతాను. పొద్దున్నంతా ఆడ గొంతు చించుకోవడం, మద్దేనం ఇంటికొచ్చి యూట్యూబులో కొత్త పాటలు విని తిట్టడం. ఛానెల్ పేరు 'వినేసి వాయిద్దాం'. నేను మెచ్చుకుంటానని ఎవరూ చూడరు. ఎట్లా తిడతానో విందామనే వస్తారు. తిట్టించుకున్నవాళ్లు కూడా వచ్చి చూసిపోతారు, అది వాళ్ల ఖర్మ.

అమ్మా నాయన లేని నన్ను చంకనేసుకుని పెంచింది మా అక్క పుష్పావతి. బట్టలు కుట్టి చదివించింది. ఇప్పటికీ ఆమెకు నేను చంకలో పిల్లోణ్ణే. "మునీ, నీళ్లు పోసుకున్యావా? మునీ, ఫ్యాను ఆపు. మునీ, ఆ ఎండలో యాల నిలబడుకోనుండావు?" పొద్దస్తమానం ఇదే జపం. మా వీధిలో పసిపిల్లలు 'అమ్మ' తర్వాత నేర్చుకునే మాట 'మునీ' అని అందరూ ఎగతాళి చేస్తారు. ఒక్కోసారి నాకు ఒళ్లు మండిపోతుంది. పలకకపోతే ఊరుకుంటుందా, గడప దాటి వచ్చి మరీ పిలుస్తుంది.

ఇక సుకుమార్. మిషన్ కాంపౌండులో ఉండే పేతురు మాస్టరు కొడుకు. బళ్లో నా పక్కన కూర్చున్నవాడు. వాళ్లమ్మ ఎవాంజెలిన్ సిస్టరు నర్సుగా చేసి, కరోనాలో పోయింది. సంచిలో చుట్టి తీసుకుపోయి పూడ్చేశారు. మొహం చూడనియ్యలేదు, పిడికెడు మట్టి వెయ్యనియ్యలేదు. ఎవరూ గట్టిగా ఏడవను కూడా లేదు. ఆ ఏడుపంతా వీడి కడుపులో ఉండిపోయింది. దాన్నే ఇన్నేళ్లూ నూరి నూరి ఒక ఆల్బమ్ చేశాడు. పేరు 'వెయ్యని మట్టి'. మొత్తం ఒకటే పాట, ముప్పావు గంట. తాళం ఏడు దెబ్బలకొకసారి తిరుగుతుంది, అలవాటయ్యే లోపల ఐదుకు మారిపోతుంది. గుండె కొట్టుకున్నట్టే ఉంటుంది, కానీ జబ్బు గుండె.

"శేఖరా, నువ్వు తిట్టు. నాకేం కాదు. కానీ పుంగనూరులో జనాన్ని కూర్చోబెట్టి వినిపిస్తాండాను. వాళ్ల మొహాలు తియ్యి. లైవ్ పెట్టు. వినేటప్పుడు మనిషి మొహం ఎట్లుంటాదో నాకు సూడాలనుండాది" అన్నాడు.

"మొహాలా? నిద్రపోతా కనిపిస్తారు లే."

నవ్వాడు. అప్పుడే చెప్పాడు తిమ్మక్క సంగతి.

మా పక్క పల్లెల్లో మనిషి పోతే ఊరికే ఏడవరు. పేరు పెట్టి పిలిచి, వాళ్లు చేసిన పనులన్నీ చెప్పుకుంటూ రాగం తీసి శోకం పెడతారు. బైరెడ్డిపల్లె పక్కన గొర్రెలు మేపుకునే తిమ్మక్క అందులో పెద్ద చెయ్యి. చుట్టుపక్కల ఎవరింట్లో చావైనా ఆమె రావాల్సిందే. ఆమె నోరు తెరిస్తే పగవాడికి కూడా కండ్లలో నీళ్లు తిరుగుతాయంటారు. పాట నడుమ అట్లాంటి శోకం ఒకటి ఉండాలని సుకుమార్‌కు తోచింది. కారు పంపి ఆమెను పిలిపించాడు. ఆమె ఒప్పుకోలేదంట. "శవం లేకుండా శోకమేంది నాయనా? ఎవురింటి మీదికి ఏడవమంటావు?" అందంట. వీడు అమ్మ ఫొటో ముందర పెట్టి జరిగిందంతా చెప్పాడు.

అప్పుడు అడిగిందంట: "అయితే పేరు సెప్పు. పేరు పెట్టి పిలిస్తే పోయినోళ్లు ఇంటారు, ఇని ఎల్లిపోతారు. శోకం ఆడికి ఆగిపోతాది. పేరు లేని శోకం మాత్రం పెట్టరాదు. పలికేవోళ్ల కోసం అది ఇల్లిల్లూ తిరుగుతాది."

ఎవాంజెలిన్ అనడానికి ఆమెకు నోరు తిరగలేదు. 'ఎవంజిలమ్మా' అని పిలుస్తూ ఏడ్చింది. రికార్డింగు చేసేవాళ్లు కూడా ఏడ్చారంట. అంతా బాగానే ఉండేది. పేతురు మాస్టరు విన్నాడు.

"ప్రభువు దగ్గిర నెమ్మదిగా ఉండే మనిషిని పేరు పెట్టి ఎనక్కి పిలస్తారా? తీసెయ్ ఆమె పేరు! లేదంటే నువ్వు నా కొడుకువే కాదు!"

సుకుమార్ అమ్మను పోగొట్టుకున్నాడు, నాయనను కూడా పోగొట్టుకోలేక తీసేశాడు. కంప్యూటర్లో కూర్చుని, పేరొచ్చిన చోటల్లా కోసేశాడు. శోకం ఉంది. పిలుపు ఉంది. పేరుండాల్సిన చోట ఖాళీ ఉంది.

"ముసలామె మాట?" అన్నాను.

"కాపీరైట్ ఆమెదా శేఖరా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

*

ఆదివారం మధ్యాహ్నం. పుంగనూరులో పాత కల్యాణ మండపం. బయట ముసురు. లోపల కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టారు, కండ్లు మూసుకుని వినాలంట. పగలే అయినా పక్కోడి మొహం కనపడదు. నిన్నటి పెండ్లి పూలు యాడో కుళ్లుతున్నాయి. తడిసిన గోనెపట్టా వాసన, దాని మీద సాంబారు వాసన. నేను చీకట్లో కూడా మొహాలు తీసే కెమెరాలు పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఒక మూల కూర్చున్నాను.

వచ్చినవాళ్లలో కాలేజీ పిల్లకాయలు సగం. మిగతావాళ్లు వాన పడుతోందని లోపలికొచ్చినవాళ్లు. మండపం వెనకింటి దేవరాజులు ముందు వరసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆయనకు మోకాలెత్తు పుంగనూరు ఆవు ఒకటుంది, లచ్చిమి. దాని గురించి తప్ప మాట్లాడడు. టీలు ఇచ్చేది కాంతమ్మ. ఈమె పుట్టిల్లు పుంగనూరు. మొగుడు ఈశ్వరప్పకు కుప్పం స్టేషను దగ్గర టీ అంగడి. ఈ పూటకు పని ఉందంటే వచ్చింది. ఆయన అక్కడి నుంచే ఫోన్లో మా లైవ్ చూస్తున్నాడని ముందే చెప్పుకుని మురిసిపోయింది.

పాట మొదలైంది. కాసేపటికే లైవ్ కింద తిట్లు మొదలయ్యాయి. 'ఇది పాటా, కరెంటు షాకా?' 'డబ్బింగ్ దెయ్యం సినిమా లెక్కుండాది.' 'కలకడ సంతలో పందులు దీనికంటే బాగా అరుస్తాయి.' పెద్దతిప్పసముద్రం నుంచి ఎవడో సుకుమార్ పుట్టుక గురించి రాశాడు. నేను లోపల్లోపల నవ్వుకుంటున్నాను. నా పని వీళ్లే చేసేస్తే నేనేం తిట్టాలి?

అప్పుడు డ్రమ్ములు ఆగాయి. గిటారు ఆగింది. ఆస్పత్రి మిషను కొట్టుకునే చప్పుడొకటే మిగిలింది. టిక్... టిక్... దాని వెనక నుంచి తిమ్మక్క గొంతు వచ్చింది. సన్నగా, గరగరగా, మన పక్కింటి అవ్వ వాకిట్లో నిలబడి పిలిచినట్టు.

*ఎసురు మరగతాండాదే ………… లేసి రారాదా*
*దావ సూసి కండ్లు కాయలు కాసె ………… పలకరాదా*

పేరు చోట ఖాళీ. ఆ ఖాళీలో టిక్కుటిక్కు కూడా లేదు. చెవిలో దూది కుక్కినట్టు ఏమీ లేదు. బాగానే కోశాడే అనుకున్నాను.

కాంతమ్మ చేతిలో టీ తట్ట కింద పడింది.

ముందు నవ్వింది దేవరాజులే. "ఏందప్పా ఇది? ఆ యమ్మ మా లచ్చిమిని పిలస్తాండాది!"

"లచ్చిమి యాడుండాది?" అన్నాడు వెనక ఒకడు. "మా తమ్ముడి పేరు కదా పిలిసింది?"

"మా నాయన పేరు యాల పెట్టినారు దాంట్లో?"

"మా బిడ్డ పేరు... ఓయప్పా... మా బిడ్డ పేరు..."

మళ్లీ పిలుపు వచ్చింది. మళ్లీ ఖాళీ. చీకట్లో కుర్చీలు కదిలాయి. ఎవరో లేచి నల్లగుడ్డ పీకేశారు. వెలుతురు పడింది. అన్ని మొహాలూ ఒకే రకంగా ఉన్నాయి. భయం కాదు. కోపం. ఇంట్లో దూరి పొయ్యి మీద ఉమ్మేసినవాణ్ణి చూసినట్టు సుకుమార్‌ను చూస్తున్నారు.

"మా ఇంటోళ్ల పేర్లు ఎవురిచ్చినార్రా నీకు?"

"లేవన్నా... పేర్లే లేవు దాంట్లో... నేనే తీసేస్తిని..."

"తీసేసినావా? మా సెవులేమన్నా సెడిపోయినాయా?"

మొదటి దెబ్బ ఎవరేశారో తెలీదు. తర్వాత అందరూ వేశారు. స్పీకరు తోసేశారు. అది పక్కకు ఒరిగిపోయి కూడా పిలుస్తూనే ఉంది. ఒక ఆడమనిషి చెప్పు తీసుకుని దాన్ని కొట్టింది, మనిషిని కొట్టినట్టు. నేను కెమెరా ఆపలేదు. నిజం చెప్తున్నాను, సంబరపడ్డాను. ఇట్లాంటి రియాక్షన్ జన్మలో ఒకసారి దొరుకుతుంది. ఎవడో వైరు పీకాక గానీ పాట ఆగలేదు.

సుకుమార్‌ను ఆటోలో వేసుకుని వస్తుంటే, పెదవి చీలిపోయినా, వాడు నవ్వుతున్నాడు.

"శేఖరా, నాకు అమ్మ పేరే వినపడిండాదిరా. తీసేసినా వినపడిండాది. నీకెవురి పేరు వినపడింది?"

"నాకు నీ తలకాయ వినపడింది. ఖాళీగా ఉండింది" అన్నాను.

*

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క వాకిట్లో నిలబడి ఉంది. లైవ్ చూశావా అని అడిగితే, "లేదురా, నెట్టు రాలా" అంది. నా మొహంలోకి చూడలేదు. ఆ వీడియో తీసెయ్యమంది. "ఎందుకు? రేపటికి లచ్చ మంది సూస్తారు" అన్నాను. లోపలికి పోయింది.

తర్వాత పీడించడం మొదలుపెట్టింది. బాత్రూములో ఉంటే తలుపు బయటి నుంచి, "మునీ?"

"ఏందక్కా?"

"ఏం లేదు."

తింటుంటే "మునీ?" పడుకుంటే "మునీ?" మార్కెట్టులో వేలం నడుమ ఫోను, "మునీ?" పలికితే చాలు, ఊపిరి వదిలి పెట్టేస్తుంది. "నీకు పిచ్చి పట్టిందా అక్కా?" అని కసిరాను. మామూలుగా అయితే చెంబు ఎగిరొచ్చేది.

దేవరాజులు ఆవు ఆ ఆదివారం మాపటికే పోయిందని తెలిసింది. మేత మేస్తూ మేస్తూ పడిపోయిందంట. పోయే ముందర ఆయన "లచ్చిమీ, లచ్చిమీ" అని గొంతు పోయేట్టు పిలిచినా చెవి కూడా కదిలించలేదంట. పేరు పెడితే చాలు తోకెత్తుకుని ఉరికొచ్చే ఆవు. ఆయన ఫోన్లో ఏడుస్తూ నన్ను బండబూతులు తిట్టాడు. నేనూ తిట్టాను. ఆవులు చావవా? చావకుండా ఉండడానికి అదేమన్నా మీ ఎమ్మెల్యేనా?

ఆ నోటి తీట దిగకముందే కుప్పం నుంచి ఇంకో ఫోను. ఈశ్వరప్ప పోయాడు. అంగడి ముందర మెట్టు మీద కూర్చుని, పాలు పొంగుతుంటే చూస్తూ, అట్లే ఒరిగిపోయాడు.

సుకుమార్ పాటను అన్నిచోట్లా తీసేశాడు. నేనూ వీడియో తీసేశాను. ఇద్దరం బండి మీద కుప్పం పోయాం.

కాంతమ్మ మమ్మల్ని చూసి లేచి కొట్టొస్తుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. గోడకానుకుని కూర్చుని, నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. చుట్టూ ఆడవాళ్లు శోకాలు పెడుతున్నారు. ఆమె మాత్రం గుసగుసగా మాట్లాడింది.

"అప్పా, పెండ్లయిన కాడినుంచి ఆయన పేరు నా నోట పలకలేదప్పా. మొగుడి పేరు పెట్టి పిలస్తే ఆయుస్సు తగ్గుతాదని మా జేజి సెప్పిండ్య. ఆ పాటలో ఆయన పేరు వినపడినాక నాకు ప్రాణం ఆగలా. ఉరుక్కుంటా ఈడికొచ్చినా. ఆయన ఎదురుగా నిలబడి, మొట్టమొదటిసారి, పేరు పెట్టి పిలిసినానప్పా. ఈశ్వరప్పా అని. గట్టిగా."

"ఏమన్నాడు?"

"నవ్వినాడు. యాలమ్మే, వట్టిగా నోరు కదిలిస్తాండావు అన్న్యాడు. నా గొంతు వినపడతాండాదంట. పేరొక్కటే వినపడలేదంట. పాటలో కూడా అంతే అన్న్యాడు. అందురూ పేర్లు పేర్లంటాండారు, నాకు ఖాళీగా వినపడిండాది, మీకందరికీ తిక్క పట్టిండాదని నవ్వినాడు."

నా చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ఖాళీగా వినపడింది.

ఆ మండపంలో అంతమంది ఉన్నారు. ఆవు పేరో, తమ్ముడి పేరో, బిడ్డ పేరో, అందరికీ ఏదో ఒకటి వినపడింది. లైవ్‌తో కలిపి, నాకు తెలిసి, ఖాళీగా విన్నది ఇద్దరమే. ఒకడు చాప మీద పడుకుని ఉన్నాడు, నోట్లో తులసాకుతో. రెండోవాణ్ణి నేను.

*

తిరుగు దావలో బైరెడ్డిపల్లె దగ్గర బండి తిప్పించాను. తిమ్మక్క గుడిసె ముందర గొర్రెపిల్లకు ఆకు పెడుతోంది. నన్ను కూర్చోమంది. నీళ్లిచ్చింది. సుకుమార్ జరిగింది చెప్తుంటే ఆకు పెట్టే చెయ్యి ఆగిపోయింది.

"పేరు తీసేసినావా?" అంది. "పీట ఏసి ఇస్తరి పరిసి, పిలిసిన మనిషిని రావద్దంటివా నాయనా? కాలీ పీట గమ్మునుంటాదా?"

నాకు ఓపిక లేదు. "అవ్వా, అయ్యిందేదో అయ్యింది. మళ్లీ పాడు. పేరు పెట్టి పాడెయ్. అది ఆగిపోతాది కదా."

"ఎవాంజెలిన్ అని పెట్టవ్వా" అన్నాడు సుకుమార్.

"ఆ యమ్మ వొచ్చి, ఇని, ఎలబారి పాయ. ఇంగ పలకదు. ఇప్పుడు పెట్టాలంటే బతికుండి పలికే మనిషి పేరే పెట్టాల." నా వైపు తిరిగింది. "నీకేం వినపడింది నాయనా?"

చెప్పాను.

ఆమె పీట రవ్వంత వెనక్కి జరుపుకుంది. నేను తాగి పెట్టిన చెంబు ముట్టుకోలేదు.

"సరే. నీ బదులు ఎవురి పేరు పెట్టమంటావో సెప్పు. పెడతా."

నోరు తెరిచాను. రోజూ తిట్టడానికి నాకు వందమంది ఉన్నారు. మార్కెట్టులో తూకం కాడ మోసం చేసేవాళ్లు, నా వీడియోల కింద బూతులు రాసేవాళ్లు, మా ఇంటి గోడ జరిపి కట్టిన పక్కింటోడు. వీడు చస్తే బాగుండు అని నోరారా అనుకున్నవాళ్లే అందరూ. ఆ పొద్దు ఒక్కడి పేరు కూడా నాలుక మీదికి రాలేదు. వచ్చింది ఒకే ఒక్క పేరు. నాకు ప్రపంచంలో ఉండేది ఆ మనిషే, ఇంకెవరి పేరు వస్తుంది?

నోరు మూసుకున్నాను. పళ్లు బిగించి మూసుకున్నాను, పొరపాటున కూడా ఆ పేరు బయటికి రాకుండా.

తిమ్మక్క గొర్రెపిల్లను దగ్గరికి లాక్కుంది. "మంచోడివే" అంది. నన్ను ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. "ఇంటికి పో. నీ పేరు నీ సెవిన పడినన్నాళ్లూ ఏం బయం లేదు. ఎవురన్నా పేరు పెట్టి పిలస్తే, పలుకు. బిన్నే, ఆలస్యం సేయకుండా పలుకు."

బండెక్కాను. పలమనేరు దాటాం. సుకుమార్‌ను నన్ను పిలవమని అడగడానికి భయం. వాడికి పిలవడానికి భయం. పుంగనూరు బస్టాండు దగ్గర టీకి ఆగాం. వెనక నుంచి ఎవడో కేకేశాడు.

"ఓ మునిశేఖరన్నా! టమోటా రేటెంతన్నా ఈ పొద్దు?"

వినపడింది! మునిశేఖర్ అని, అక్షరం పోకుండా, గంట కొట్టినట్టు వినపడింది. "ఓయ్!" అని పలికాను, బస్టాండంతా తిరిగి చూసేట్టు పలికాను. వాడెవడో నాకు తెలీదు. పోయి కావలించుకున్నాను. వాడికి టీ, బన్ను ఇప్పించాను. ముసలిది, గొర్రెలు కాసుకునేది, దానికేం తెలుసు? ఈశ్వరప్పకు గుండె జబ్బు ఉండుంటుంది. మదనపల్లె చేరేదాకా సుకుమార్‌ను తిడుతూనే ఉన్నాను. నోరు హాయిగా ఉంది.

*

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. చావింటి నుంచి వచ్చాను కదా, లోపలికి పోకుండా బయట కుళాయి కింద కాళ్లు కడుక్కుంటున్నాను. పక్కింట్లో టీవీ. ఎదురింట్లో కుక్కర్ విజిల్. మూలింటి కుక్క ఎవరినో చూసి మొరుగుతోంది. అన్నీ వినపడుతున్నాయి. అన్నీ బాగున్నాయి.

భుజం పట్టి ఎవరో గట్టిగా తిప్పారు.

అక్క. మొహంలో నెత్తురు లేదు.

"పిలస్తాంటే... పలకవేందిరా?"

"పిలిస్తివా? వినపడలేదక్కా. నీళ్ల సప్పుడు."

కుళాయి కట్టేశాను. "ఇప్పుడు పిలువు" అన్నాను, నవ్వుతూ.

అక్క నా కండ్లలోకి చూసింది. ఆమె పెదవులు రెండూ కలిశాయి. విడిపోయాయి.

టీవీ వినపడింది. కుక్కర్ వినపడింది. కుక్క మొరుగుతూనే ఉంది. అక్క నోరు ఉన్న చోట మాత్రం... ఏమీ లేదు. దూది కుక్కినట్టు.

"పిలువక్కా."

పెదవులు కలిశాయి. విడిపోయాయి.

"పిలువు..."

"పిలస్తానే ఉండాను కదరా!" అని గొల్లుమంది అక్క. ఆ మాటలన్నీ వినపడ్డాయి. "ఆదివారం నుంచి పిలస్తానే ఉండాను కదరా... ఆ పాట విన్నప్పటి నుంచి... లైవ్ నేను సూసినానురా... అబద్ధం సెప్తిని... ఆ ముసిల్ది మన ఇంట్లో నిలబడి నిన్ను పిలిసినట్టు పిలిసిందిరా... నువ్వు పలకతాండావు కదా, ఏం కాదులే, ఏం కాదులే అనుకుంటా ఉండాను..."

ఆమె తల మీద చెయ్యి వేశాను. ఏ పాటనైనా ముక్కలు ముక్కలు చేసే నోరు, అక్క ముందర పడిపోయింది.

ఇప్పుడు ముందర గదిలో కూర్చుని ఉన్నాం. లైట్లన్నీ వేసి ఉన్నాయి. నా పాత వీడియోలు పెట్టి చూశాను. "నమస్కారం, నేను మీ ………… ఈ పొద్దు మనం వాయించబోయేది..." ప్రతిదాంట్లోనూ అంతే. నా నోరే కదులుతోంది, నా గొంతే, అక్కడికొచ్చేసరికి ఖాళీ. పేరు రాయగలను. పైన రాశాను కదా. కండ్లతో చదవగలను. బయటికి చదివితే వినపడదు.

సుకుమార్ ఫోన్ చేస్తున్నాడు. పుంగనూరు నుంచి ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారు, వాళ్ల ఇండ్లలో ఎవరి సంగతి ఏమైందో... ఎత్తలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. రాస్తుండమంది. రాస్తుంటే ఉన్నట్టు కదా అంది. అందుకే ఇదంతా ఎడంచేత్తో ఫోన్లో కొడుతున్నాను.

తిన్నావా అక్కా అని ఇందాకే అడిగాను. పొద్దున్నుంచి పొయ్యే వెలిగించలేదంది. నిజమే. వంటింట్లో లైటు కూడా నేనే వేసి వచ్చాను. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి.

కానీ ఎసురు మరుగుతున్న చప్పుడు నాకు వినపడుతోంది.

అక్కకు వినపడటం లేదంట.